తగ్గించి రాసిన బిల్లు

ఆ కారు మా షెడ్డుకి లారీ మీద వచ్చింది. కోడూరు నుంచి బందరు దాకా దాన్ని మోసుకొచ్చిన డ్రైవరు, తాళ్ళు విప్పుతూ, ఈ కంపెనీవాళ్ళు మన దేశంలో దుకాణం కట్టేసి వెళ్ళిపోయి ఇన్నేళ్ళయింది కదా, దీన్ని ఇంకా ఎవరు నడుపుతున్నారండీ అని మా ఆయన్ని అడిగాడు. నడిపే మనిషి అప్పుడే వెనకాల ఆటో దిగుతోంది. ఆవిడకి వినబడింది. చేతికర్ర కింద ఆనించి, ఎడమ కాలిని చేత్తో కాస్త లేపి దింపుకుని, నెమ్మదిగా మా కౌంటరు దగ్గరికొచ్చి కుర్చీ ఉందా అని అడిగింది.

బందరులో మా ఆయనది కార్ల రిపేరు షెడ్డు. ముందు గదిలో స్పేర్ పార్టుల కౌంటరు నాది. మా నాన్న గిలకలదిండిలో పడవ మీద వేటకెళ్ళేవాడు. అమ్మ చేపలు ఎండబెట్టి అమ్మేది. ఆ ఇంట్లో బీకాం దాకా చదివింది నేనొక్కదాన్నే. ఇంగ్లీషులో ఉత్తరం వస్తే వీధిలోవాళ్ళందరూ నా దగ్గరికే పట్టుకొచ్చేవాళ్ళు. పెళ్ళయి ఇటొచ్చాక అదే విద్య ఇంకో రకంగా మెడకి చుట్టుకుంది. ఈ రకం కార్ల కంపెనీ వెళ్ళిపోయాక, వాటి సామాను విజయవాడ హోల్‌సేల్ షాపుల్లో దొరకడం తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. "నెట్‌లో చూడు, బయటి దేశాల్లో ఉంటాయేమో" అన్నాడు మా ఆయన. చూశాను, దొరికాయి. ఆడిటరు గారి చేత దిగుమతి కోడు తీయించుకున్నాను. అప్పట్నుంచి విదేశీ ఆర్డర్లు నా పనైపోయాయి. పార్టు వెతకడం ఒక పూట పని. అది మా గుమ్మంలోకి రావడానికి పట్టే కాలంలో కొరియరు, కస్టమ్స్, బ్యాంకు, వాళ్ళడిగే కాగితాలు, మధ్యలో కారు ఏమైందని అడిగే ఫోన్లు, ఇవన్నీ నావే.

ఆ కారావిడ గవర్నమెంటు స్కూల్లో సోషల్ టీచరు. కోడూరులో అక్కగారితో ఉంటుంది. వాళ్ళ నాన్నగారు పల్లెలో చిన్న చర్చికి పాస్టరుగా చేశారట. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. ఉద్యోగం చేసేది అవనిగడ్డ దాటి ఒక ఊళ్ళో. సూటిగా బస్సు లేదు. అందుకని జీతం కూడబెట్టి, గేర్లు వాటంతటవే పడే ఈ కారు సెకండ్ హ్యాండులో కొనుక్కుంది. దీనికి క్లచ్ ఉండదు, కుడి కాలొక్కటే చాలు. ఆరేళ్ళుగా దాని మీదే స్కూలుకి వెళ్ళి వస్తోంది. ఇప్పుడది మూడో గేరులో ఇరుక్కుపోయి, ఎంత తొక్కినా ఎద్దులా మూలుగుతూ కదలనంటోంది.

మా ఆయన రెండు రోజులు చూసి, గేరుబాక్సు బాగానే ఉందనీ, గేర్లు ఎప్పుడు మారాలో దానికి చెప్పే కంప్యూటరు పోయిందనీ తేల్చాడు. మాడ్యూల్ అంటాం దాన్ని. టిఫిన్ బాక్సంత ఉంటుంది. విజయవాడలో అడిగాం. చెన్నైలో, ఢిల్లీలో పాత కార్లు విప్పి అమ్మేవాళ్ళని అడిగాం. బెంగళూరులో ఇలాంటివి బాగుచేసే ఒకాయనకి పంపితే మూడు వారాలుంచుకుని, అలాగే వెనక్కి పంపాడు. చివరికి బ్యాంకాక్ దగ్గర ఒక షాపులో కనబడింది. మూతపడ్డ షోరూము సరుకులో మిగిలిపోయినదట. కొత్తదే, సీలు కూడా తియ్యలేదు.

టీచరుగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగింది.

"మొత్తం ఎంతవుతుందో ఒకేసారి చెప్పండి. మధ్యలో అదీ ఇదీ అని పెరిగితే నా వల్ల కాదండీ. ఒప్పుకోగలిగితే ఒప్పుకుంటాను, లేకపోతే కారు అమ్మేసి ఇంకో దారి చూసుకుంటాను."

ఆ రోజు కౌంటరు దగ్గర జనం ఉన్నారు. కాలిక్యులేటరు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని, పార్టు ధర, దాని మీద సుంకం, దాని మీద జీఎస్టీ, కొరియరుకి ఇంతని చెప్పి ఒక అంకె చెప్పేశాను. ఆవిడ సరేనంది. సగం డబ్బు సాయంత్రానికే వేసింది.

లెక్క తప్పని మర్నాడు తెలిసింది. సుంకం పార్టు ధర మీదే వెయ్యరు. దాన్ని తీసుకురావడానికయ్యే ఖర్చునీ, ఇన్సూరెన్సునీ ధరలో కలిపి, ఆ మొత్తం మీద వేస్తారు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. అంతకుముందు తెప్పించినవన్నీ చిన్న చిన్న సెన్సార్లు, రబ్బరు ముక్కలు కాబట్టి ఆ తేడా పెద్దగా కనబడేది కాదు. ఈసారి కొరియరు ఖర్చే నేననుకున్నదానికి మూడింతలొచ్చింది. ఎందుకని అడిగితే షాపావిడ ఫొటో పంపింది. టిఫిన్ బాక్సంత వస్తువుని, అటూ ఇటూ కదలకుండా నురగ ముక్కలు కుక్కి, పెద్ద టీవీ వచ్చేలాంటి పెట్టెలో పెట్టింది. కొరియరువాళ్ళు బరువు ఒక్కటే చూడరు, పెట్టె ఎంత చోటు తింటుందో కూడా కొలుస్తారు. పెట్టె చిన్నది చెయ్యమని బతిమాలాను. పాపం చేసింది. అయినా నా అంచనాకి రెండింతల దగ్గర ఆగింది.

ఆ షాపు నడిపేది కూడా ఆడమనిషే. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు వాళ్ళ భాష రాదు. ఇద్దరి మాటల్నీ ఫోనే అటూ ఇటూ మార్చిపెట్టేది. నా అవస్థ చూసి ఆవిడే ఒక మాట రాసింది. బిల్లు మీద ధర తగ్గించి రాయనా, ఇండియా వాళ్ళు చాలామంది అలాగే అడుగుతారు, మీకు పన్ను తగ్గుతుంది అని.

ఆ మెసేజి చూసి ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. టీచరుగారికి మళ్ళీ ఫోన్ చేసి, అమ్మా, నేను చెప్పిన అంకె తప్పు, ఇంకా ఇంతవుతుందని చెప్పాలి. అంతే పని. రెండు నిమిషాలు పట్టదు. కానీ మధ్యలో పెరిగితే నా వల్ల కాదని ముందే అన్న మనిషికి, ఒక రోజు తిరగకుండానే పెరిగిందని చెప్పడానికి నోరు రాలేదు. అందులో డబ్బు మిగుల్చుకోవాలన్న ఆశ లేదు. లెక్కలు వచ్చనుకునే మనిషిని, లెక్క తప్పానని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. ఇప్పుడాలోచిస్తే అంతకన్నా పెద్ద కారణం కనబడదు. ఫోను తీసి, సరే రాయమని పెట్టాను.

పెట్టె బయల్దేరింది. రెండు రోజుల్లో చెన్నై చేరింది. అక్కడ ఆగింది.

మొదట ఆధార్ కాపీ అడిగారు, పంపాను. పాన్ అడిగారు, పంపాను. దిగుమతి కోడు కాగితం అడిగారు, పంపాను. అది సరిగ్గా కనబడటం లేదన్నారు, మళ్ళీ స్కాన్ చేయించి పంపాను. ఏ కారుకో, ఏ మోడలుకో రాసిమ్మన్నారు. రాసిచ్చాను. ప్రతిసారీ రేపో ఎల్లుండో వస్తుందని టీచరుగారికి చెప్పడం, ఆవిడ సరేనండీ అనడం. సరేనండీ అన్న ప్రతిసారీ ఆ గొంతు కొంచెం తగ్గుతూ వచ్చింది.

పది పన్నెండు రోజులయ్యాక క్లియరింగ్ ఏజెంటు ఫోన్ చేశాడు. చెన్నైలో కొరియరువాళ్ళ తరఫున కస్టమ్స్ పని చూసే మనిషి. తమిళ యాసలో తెలుగు చక్కగా మాట్లాడతాడు. ఎప్పుడూ గొంతు పెంచడు.

"మేడమ్, బిల్లులో ఉన్న రేటుని ఆఫీసరు నమ్మడం లేదు. ఇదే పార్టు ఇంకోచోట ఎంతకి అమ్ముతున్నారో ఆయన తీసి పెట్టారు. మీరు బ్యాంకు ద్వారా ఎంత కట్టారో ఆ కాగితం పంపమంటున్నారు."

పంపుతానన్నాను. ఫోను పెట్టేసి ఆ కాగితం తీసి చూశాను. బ్యాంకు కాగితంలో అసలు ధర ఉంది. బిల్లులో అందులో మూడో వంతు ఉంది.

మా ఆయన ఒక జీపు కింద పడుకుని పని చేస్తున్నాడు. పక్కన కూర్చుని సంగతంతా చెప్పాను. బిల్లు తగ్గించి రాయించానని ఆయనకీ అప్పుడే తెలిసింది.

"మిగతా డబ్బు ఇంకో సామానుకి కట్టిందని ఆవిడ చేతే ఒక బిల్లు రాయించు. ఆ రెండూ కలిపితే బ్యాంకు లెక్క సరిపోతుంది కదా" అన్నాడు జీపు కింద నుంచే.

"అది ఇంకో అబద్ధం కదండీ."

"మొదటిది ఒప్పుకుంటే ఊరుకుంటారా?"

ఆయన చక్రాల పలక మీద బయటికి జారి వచ్చి నా మొహం చూశాడు. నీ ఇష్టం, నీకెలా తోస్తే అలా చెయ్యి అని, మళ్ళీ లోపలికి జారిపోయాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయనకి తోచింది చెప్పాడు. ఇంకో బిల్లు రాయించాలంటే షాపావిడకి ఒక్క మెసేజి చాలు. ఆవిడ రాసిచ్చేది కూడా.

ఆ మధ్యాహ్నమే టీచరుగారి ఫోను. అవనిగడ్డ బస్టాండులో బస్సు దిగుతూ పడ్డానంది. మెట్టు ఎత్తుగా ఉందనీ, వెనక జనం తోసుకొచ్చారనీ, మణికట్టు బెణికిందనీ, ఎముక విరగలేదనీ చెప్పింది. ఫిర్యాదుగా ఏమీ అనలేదు. పరీక్షలు మొదలయ్యేలోపు కారు వస్తుందా అని మాత్రం అడిగింది. డ్యూటీ వేరే స్కూల్లో వేస్తారట, అది ఇంకా దూరమట.

"వస్తుందండీ" అన్నాను.

ఆ మాట అనేసి కౌంటరు వెనక స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఒకాయన వైపర్ బ్లేడ్ల కోసం వస్తే, వేరే కారువి ఇచ్చి పంపాను. ఆయన అరగంటలో తిరిగొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఉత్తరం రాశాను. బిల్లులో ఉన్న ధర అసలు ధర కాదనీ, నాకు తెలిసే, నేను ఒప్పుకునే అలా రాయించాననీ, బ్యాంకు కాగితంలో ఉన్నదే నిజమనీ, దాని ప్రకారం సుంకం కడతాననీ. ఇంగ్లీషులో ఎన్నో ఉత్తరాలు రాశాను గానీ, ఇంత చిన్న ఉత్తరానికి ఇంతసేపు ఎప్పుడూ పట్టలేదు. ఏజెంటు అది చదివి ఫోన్ చేశాడు.

"మేడమ్, తెలిసే రాయించానని ఉంది ఇందులో. ఆ మాట ఉంటే పెనాల్టీ తప్పదు. పొరపాటున జరిగిందని మార్చి పంపుతారా?"

"పొరపాటు కాదు కదండీ. పడితే పడనివ్వండి."

సరే మేడమ్, అలాగే ఇస్తాను అన్నాడు. ఆ గొంతులో మెచ్చుకోలు లేదు, తప్పుబట్టడమూ లేదు. రోజూ ఇలాంటివి చూసే మనిషి.

నిజం చెప్పాను కాబట్టి పని త్వరగా తేలిపోతుందని ఎక్కడో ఒక మూల అనుకున్నాను. తేలలేదు. ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి వెళ్ళడానికి వారం పట్టింది. ఒక ఆఫీసరు సెలవులో ఉన్నారు. తర్వాత రెండు రోజులు కంప్యూటర్లు పనిచెయ్యలేదట. ఉచితంగా ఉంచే గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి, పెట్టె గిడ్డంగిలో ఉన్న ప్రతి రోజుకీ అద్దె నడుస్తూనే ఉంది. మామూలుగా అయితే నోటీసు ఇచ్చి, పిలిచి, నా మాట విని, ఆ తర్వాత తీర్పు చెప్పాలట. అదంతా జరిగితే నెలలు పడుతుంది. నాకు నోటీసు అక్కర్లేదు, నా వాదన వినక్కర్లేదు, మీరేం తేలిస్తే అదే కడతానని రాసిస్తే త్వరగా అవుతుందని ఏజెంటు చెప్పాడు. నా మాట ఎవరూ వినక్కర్లేదని నా చేత్తోనే సంతకం పెట్టి పంపాను. పెట్టేటప్పుడు ఏమీ అనిపించలేదు. అప్పటికే అంత అలిసిపోయాను.

ఇక టీచరుగారికి చెప్పాలి. ఫోనులో చెప్పగలననిపించలేదు. ఆదివారం బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి కోడూరులో దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. అవనిగడ్డలో బస్సు మారాల్సొచ్చింది. ఆ మెట్టు దిగుతూ చూశాను. నిజంగానే ఎత్తు. రెండు కాళ్ళూ బాగున్న నేనే కడ్డీ పట్టుకున్నాను.

వాళ్ళిల్లు చర్చి వీధి చివర. రెండు గదులు, ముందు వరండా. టీచరుగారు, వాళ్ళు గుడి అని పిలుచుకునే చర్చి నుంచి వచ్చి, తెల్ల చీరతోనే కుర్చీలో కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతోంది. కుడి చేతికి కట్టు. పెన్ను ఎడమ చేత్తో పట్టుకుని, ఒక్కొక్క మార్కూ చిన్నపిల్లలా నెమ్మదిగా గీసినట్టు వేస్తోంది. వాళ్ళక్కగారు మజ్జిగ ఇచ్చి, భోంచేశావా అమ్మా అని అడిగింది. చేశానని అబద్ధం చెప్పాను. ఆ రోజు చెప్పిన అబద్ధం అదొక్కటే.

మొదటి నుంచీ చెప్పాను. ఫోనులో తొందరపడి చెప్పిన అంకె, తప్పిన లెక్క, బ్యాంకాక్ ఆవిడ మెసేజి, నేను సరే అనడం, చెన్నైలో పట్టుకోవడం, ఇప్పుడు పడబోయే జరిమానా. చెబుతున్నంతసేపూ ఆవిడ కాగితాల మీద నుంచి తలెత్తలేదు. నేను ఆపాక పెన్ను పక్కన పెట్టింది.

"పెట్టె అక్కడ ఆగి ఎన్నాళ్ళయింది?"

"నెల దాటిందండీ."

"నేను రోజూ ఫోన్ చేస్తుంటే, కాగితాలు అడుగుతున్నారన్నారు."

"కాగితాలు కూడా అడిగారండీ. కానీ ఇది చెప్పలేదు."

"అంకె తప్పిందని ఆ మర్నాడే నాకు చెప్పుంటే ఏమయ్యేదో తెలుసా?" అంది. గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా అనిపించింది. "ఒప్పుకునేదాన్నో, కాదో. ఏదో ఒకటి. కానీ అది నేను తేల్చుకునేదాన్ని. మీరు నన్ను అడక్కుండా నా తరఫున తేల్చేశారు. చిన్నప్పట్నుంచీ అందరూ నాకు అదే చేస్తారండీ. నేను నడవలేనని, నేను ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళే అనుకుంటారు. ఈ కారు కొన్నది అందుకే."

తప్పయిపోయిందండీ అని మాత్రం అన్నాను.

"కోప్పడే ఓపిక కూడా లేదు నాకు. రోజుకి నాలుగు బండ్లు ఎక్కి దిగుతున్నాను." ఆవిడ చేతి కట్టు సర్దుకుంది. "అసలు ధర మీద న్యాయంగా పడే సుంకం నాది. కొరియరు ఖర్చు కూడా నాదే, ఎంతైనా సరే. జరిమానా, గిడ్డంగి అద్దె మీవి. అది మీకు సమ్మతమేనా?"

"సమ్మతమేనండీ."

"అయితే తెప్పించండి."

అంతే. ఫరవాలేదని గానీ, మనుషులం కదా, పొరపాట్లు జరుగుతాయని గానీ ఆవిడ అనలేదు. అననందుకు ఇప్పుడు సంతోషంగానే ఉంది. అనుంటే అది నా మీద జాలి చూపించినట్టయ్యేది. నేను లేస్తుంటే, మిగిలిన పేపర్ల మార్కులు కూడి పెడతారా, ఎడమ చేత్తో అంకెలు కుదరడం లేదు అంది. కూర్చుని నలభై పేపర్ల మార్కులు కూడి పెట్టాను. ఆవిడ ఒక్కొక్కటీ మళ్ళీ సరిచూసింది. ఒకటి తప్పింది. ఎడమ చేత్తోనే దిద్దుకుంది.

జరిమానా ఉత్తర్వు ఆ వారంలోనే వచ్చింది. వస్తువు విడిపించుకోవడానికి ఒకటి, తప్పుకి ఒకటి, రెండు రకాలుగా వేశారు. అవి కట్టడానికి నా బీరువాలో దాచుకున్నదంతా బయటికి తియ్యాల్సొచ్చింది. చిలకలపూడి గిల్టు గాజులు వేసుకుని, అసలువి తీసి బ్యాంకులో తాకట్టు పెట్టాను. ఆ సంగతి మా ఆయనకి చెప్పే పెట్టాను. ఏదీ చెప్పకుండా చెయ్యకూడదని అప్పటికి నిర్ణయించుకున్నాను. ఆయన, వాన్ ఒకటి రిపేరు అయిపోతే విడిపిద్దాంలే అన్నాడు. విడిపించడానికి దసరా దాటింది.

పెట్టె వచ్చిన రోజు పండగలా ఉంటుందనుకున్నాను. కొరియరు మనిషి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. పెట్టె మూలలు నలిగిపోయి ఉన్నాయి. కస్టమ్స్ వాళ్ళు విప్పి చూసి మళ్ళీ అతికించిన టేపు, దాని మీద ముద్రలు. లోపల మాడ్యూల్ చెక్కు చెదరలేదు. బ్యాంకాక్ ఆవిడ దాని పక్కన ఒక చింతపండు మిఠాయి పొట్లం పెట్టింది. దాన్ని కస్టమ్స్ వాళ్ళు కూడా అలాగే వదిలేశారు. ఆ పొట్లం చూసినప్పుడు ఆవిడ మీద ఏ కోపమూ లేదనిపించింది. ఆవిడ తనకి తెలిసిన సాయం చేసింది. వద్దనాల్సింది నేను.

మాడ్యూల్ బిగించాక కారు అసలు స్టార్టే కాలేదు. కొత్త మాడ్యూల్‌కి ఈ కారు నంబరు తెలియదు. లాప్‌టాప్‌తో దాన్ని అందులో రాయాలి. ఆ పని చేసేవాడు మా చుట్టుపక్కల గుడివాడలో ఒకడే ఉన్నాడు. మళ్ళీ లారీ, మళ్ళీ తాళ్ళు. అతను పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టాడు. ఒకసారి నంబరు ఎక్కలేదు. రెండోసారి ఎక్కింది గానీ కారు రివర్సు మాత్రమే తీసుకుంది. అక్కా, కంగారు పడకండి, ఇవి ఇలాగే ఏడిపిస్తాయి అంటూ మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాడు. నేను కంగారు పడలేదు. కంగారు పడే దశ దాటిపోయి నెలలయింది. అతని షాపు ముందు బెంచీ మీద కూర్చుని, ఇది కూడా కుదరకపోతే ఏం చెప్పాలా అని మాత్రం ఆలోచిస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, అంతేకదా అనుకున్నాను. ఆ మాట అనుకోగానే కొంచెం తేలికయింది.

మూడోసారికి గేర్లు పడ్డాయి.

టీచరుగారికి ఫోన్ చేస్తే, వాళ్ళ స్కూలుకి ఆ రోజు సెలవు కాబట్టి తనే వచ్చి తీసుకెళ్తానంది. బస్సులు మారి గుడివాడ చేరేసరికి సాయంత్రం నాలుగయింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. డ్రైవరు సీటులో కూర్చుని, ఎడమ కాలిని రెండు చేతులతో లోపలికి తీసుకుని, పక్కకి పెట్టుకుని, సీటు ముందుకి లాక్కుంది. మా ఆయన లారీలో వస్తానన్నాడు. నన్ను ఆవిడ కారులో కూర్చోమన్నాడు, ఎక్కడైనా ఆగితే తోడుండాలని.

గుడ్లవల్లేరు దాటేదాకా గేరు మారినప్పుడల్లా నా చెవులు అటే ఉన్నాయి. ఆవిడవీ అంతే. కవుతరం దాటాక కాస్త స్పీడు పెంచింది. నాలుగో గేరు మెత్తగా పడింది. ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది.

"మీ మీద కోపం పోయిందని అనుకోకండి" అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "కానీ ఆ వేళ మీరు కోడూరు వచ్చి ఎదురుగా చెప్పారు. ఫోనులో చెప్పుంటే నేను కారు అక్కడే వదిలేసేదాన్ని."

"ఫోనులో చెప్పే ధైర్యం లేకే వచ్చానండీ" అన్నాను. అదే నిజం.

ఆవిడ నవ్వింది. ఆ నెలలన్నిటిలో ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే. పెడనలో రోడ్డు పక్కన అద్దకం బట్టలు ఆరేసి ఉంటే స్పీడు తగ్గించి, వాళ్ళక్కకి ఒక దుప్పటి కొంటానని కారాపింది. దిగకుండా అద్దంలోంచే బేరమాడింది. బందరులో నన్ను దింపి, చీకటి పడకముందే పులిగడ్డ దాటాలని వెంటనే బయల్దేరింది. ఇంటికి చేరానని మెసేజి పెట్టింది. అందులో ఇంకేమీ లేదు.

ఆ తర్వాత నేను విదేశీ ఆర్డర్లు మానలేదు. మానేస్తే షెడ్డులో నాలుగు కార్లు అలాగే పడి ఉంటాయి. అంచనా చెప్పేటప్పుడు మాత్రం ఇప్పుడు అన్నీ కాగితం మీద రాస్తాను. పెట్టె ఎంత ఉంటుందో ముందు అడుగుతాను. ఇంతకి తక్కువ కాదు, ఇంతవరకూ వెళ్ళొచ్చు, చెన్నైలో ఆగితే ఇంకా పెరగొచ్చు అని చెబుతాను. సగం మంది ఆ కాగితం చూసి వెళ్ళిపోతారు. మా ఆయన మొదట్లో విసుక్కునేవాడు, ఇప్పుడు అలవాటు పడ్డాడు. ఊరి బయట రేవు కడుతున్నారు కదా, అది పూర్తయితే ఓడలు మన ఊరికే వస్తాయి, మీకింక చెన్నై గొడవ ఉండదు అంటుంటారు కొందరు. నవ్వి ఊరుకుంటాను. ఓడ ఎక్కడాగినా కాగితాలు అవే.

వేసవి బదిలీల్లో టీచరుగారికి కోడూరు స్కూలుకే ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఇంటికి రెండు వీధుల అవతల. టైరు సంగతి ఏదో అడగడానికి ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెప్పింది. ఇప్పుడు కర్ర సాయంతో నడిచే వెళ్తోందట. పదిహేనేళ్ళుగా పెట్టుకుంటున్న అర్జీ అట.

"మరి కారు?" అన్నాను.

"ఉంది. బ్యాటరీ పోకుండా రోజు విడిచి రోజు స్టార్ట్ చేస్తున్నాను. ఆదివారం గుడి అయ్యాక అక్కని ఎక్కించుకుని హంసలదీవి దాకా వెళ్ళొస్తాం. సముద్రం చూసి, చేపలు కొనుక్కుని వచ్చేస్తాం."

మంచిదండీ అన్నాను. ఫోను పెట్టేశాక కాసేపు ఏమనుకోవాలో తెలియలేదు. ఆ నెలలన్నీ, ఆ ఉత్తరాలు, ఆ జరిమానా, ఆవిడ పడ్డ మెట్టు, అంతా కలిసి ఇప్పుడు వారానికొక్కసారి సముద్రం దాకా వెళ్ళి వస్తోంది. బాధ పడాలా, సంతోషించాలా అని ఆలోచించే ఓపిక కూడా లేకపోయింది. మధ్యాహ్నం కావస్తోంది. మా ఆయన్ని భోజనానికి రమ్మని పిలిచి, కౌంటరు తలుపు సగం వేసి, అన్నం వడ్డించాను.